గని తవ్వుటకు ముందు పైమన్ను పరీక్ష



గ్రంథాలయ రజతోత్సవ సభలో మన్నును గూర్చిన ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. ఈ విషయమునకును గ్రంథాలయమునకును గల సంబంధమును చివర మనవి చేసెదను.

మన గోదావరి లోయలో 1889లో ఇల్లెందు వద్ద బొగ్గు తవ్వకము ఆరంభమైనది. అప్పటి గనులు భూగర్భమున సాగెడివి. నేడు రామగుండము, మణుగూరు, భూపాలపల్లి, సత్తుపల్లి ప్రాంతములలో ఓపెన్‌కాస్టు గనులు కలవు. ఈ పద్ధతిలో బొగ్గుపై నున్న మన్ను, మొరము, ఇసుకరాయి సమస్తమును తొలగింతురు. అదియే గని అంచున గుట్టలై నిలుచును. ఆ గుట్టలపై మరల పచ్చదనము రావలెనన్న, వేళ్లకు, సూక్ష్మజీవులకు, గడ్డివిత్తనములకు నిలయమైన పైమన్ను కావలెను. ఎకరము నేలలో 20 సెంటీమీటర్ల లోతు తీసినచో సుమారు 810 ఘనపు మీటర్ల మన్ను లభించును. అది రాళ్లతో కలిసిపోయినచో మరల వేరుచేయుట అసాధ్యము.

అయితే పైనున్న మన్నంతయు దాచదగినది కాదు. చౌడుమన్నును మంచిమన్నులో కలిపినచో రెండును చెడును. కావున తవ్వకమునకు ముందే పరీక్ష జరుగవలెను.

మొదటిది లోతు. మిట్టకు, పల్లమునకు, వాగు ఒడ్డునకు వేర్వేరుగా గుంటలు తీయవలెను. చెలకలో జానెడు లోతున మొరము తగులవచ్చును. పల్లములో మూరెడు మన్ను ఉండవచ్చును. అన్నిచోట్ల ఒకే లోతున యంత్రము నడిపినచో ఒకచోట మంచిమన్ను మిగిలిపోవును, మరియొకచోట మొరము కలిసిపోవును.

రెండవది మన్ను గుణము. తడిపి అరచేతిలో తాడువలె వత్తుడు. నిలువక రాలిపోయిన అది ఇసుకనేల. సన్నని తాడై వంగిన అది జిగటనేల. నడిమి గుణము గలది శ్రేష్ఠము. రాళ్లు ఎక్కువగా నున్న మన్ను తగదు.

మూడవది నీటి పరీక్ష. వేరుసెనగ గింజంత ఎండిన మట్టిబెడ్డను గ్లాసెడు వాననీటిలో కదపక వేయుడు. బెడ్డ విడిపోయినంత మాత్రమున దోషము లేదు. దాని చుట్టు నీరు పాలవలె మసకబారినచో సోడియము అధికమని అనుమానింపవలెను. అట్టి మన్ను గుట్ట వాలున పరచినచో పైన పెచ్చుకట్టి, వానకు కోసుకొనిపోవును.

నాలుగవది ప్రయోగశాల పరీక్ష. పి.హెచ్. 6.5 మొదలు 7.5 వరకు తటస్థము, 8.5 దాటినచో క్షారదోషము. సేంద్రియ కర్బనము నూటికి 0.5 కంటె తక్కువైన లోటుగా నెంచుదురు. కాని ఈ లోటు కారణముగా మన్నును పారవేయరాదు. పెంట ఎరువుతో, జనుముతో దానిని తీర్చవచ్చును. రాళ్లను, చౌడును అంత సులభముగా తీర్చలేము. తీరెడు దోషమేది, తీరనిది ఏది యని తెలిసికొనుటయే ఈ పరీక్షల సారము.

అమెరికాలో 1977లో చేసిన గనుల చట్టము పైమన్నును వేరుగా తీసి కాపాడవలెనని విధించినది. పైమన్ను చాలనిదైనను, చెడ్డదైనను, మొక్కలకు అంతకంటె అనువైన క్రిందిపొరను అట్లే దాచవలెనని కూడ చెప్పినది. మన దేశమున బొగ్గు మొదలగు కొన్నిటికి తప్ప ఇతర ఖనిజములకు వర్తించు 1988 నాటి నియమావళి, దాని స్థానమున వచ్చిన 2017 నాటి నియమావళి పైమన్నును వేరుగా తీసి పునరుద్ధరణకు వాడవలెనని విధించినవి. బొగ్గు గనులకు పర్యావరణ అనుమతి షరతులలో ఈ నిబంధన ఉండుట పరిపాటి.

తీసిన మన్ను వెంటనే మరియొకచోట పరచుట ఉత్తమము. నిలువ చేయక తప్పనిచో తడినేలపై యంత్రము నడుపక, తక్కువ ఎత్తున కుప్పవేసి, పైన పప్పుజాతి మొక్కలు పెంచవలెను. ఎత్తైన కుప్ప లోపల గాలి ఆడక జీవము నశించును.

ఇక గ్రంథాలయ సంబంధము. 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ప్రకారము, ప్రజాభిప్రాయ సభకు ముందు గని నివేదిక సంగ్రహము స్థానిక భాషలోను సిద్ధము కావలెను. దానిని పంచాయతీలలో, గ్రంథాలయములలో ప్రజలకు అందుబాటున ఉంచవచ్చును. గని ప్రతిపాదన వచ్చిననాడు ఆ ప్రతి మన బల్లపై నుండునట్లు కార్యవర్గము చూడవలెనని నా ప్రార్థన. ఏ పొలమున ఎన్ని గుంటలు తీసిరి, ఎంత లోతు కనుగొనిరి యని దానిలో వెదకుడు. లేనిచో సభలో అడుగుడు. అంతకు ముందే ప్రతి రైతును తన పొలమున నాలుగు గుంటలు తీసి, మన్ను లోతును ఈ గ్రంథాలయపు పుస్తకమున వ్రాసియుంచవలెను. తవ్వకము జరిగిన పిదప, ఆ నేల ఎట్టిదో చెప్పుటకు మన చేతిలో మిగులునది ఆ వ్రాతయే.