‘ఆడగలవా?’ అని ఎవరిని అడగాలి
(ఆటల నియమాలు, ఆటగాళ్ళ రక్షణ: ప్రసంగ పాఠం)



పొడంపేట నుంచీ, గంజాం తీరంలోని ఇతర మత్స్యకార గ్రామాల నుంచీ వచ్చి బరంపురంలో స్థిరపడిన కుటుంబాలకు సాహసం గురించి ఎవరూ బోధించనక్కరలేదు. సముద్రం ఇళ్ళను కోసుకుపోతే ఊరినే వెనక్కి జరిపి నిలబెట్టుకున్నవారు పొడంపేట ప్రజలు. అయితే సాహసానికి హద్దు ఎవరు గీయాలన్నది వేరే ప్రశ్న. గోపాల్‌పూర్ రేవులో ప్రమాద సూచిక ఎగిరిన నాడు వేటకు పోవాలా మానాలా అన్న నిర్ణయాన్ని పడవలోని కుర్రవాడి గుండెధైర్యానికి వదలరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు లక్షల మందిని ముందే తరలించారు. 1999 నాటి ఘోరం పునరావృతం కాలేదు. ఆటస్థలంలో మాత్రం ఆ నిర్ణయం నేటికీ దెబ్బ తిన్నవాడి మీదనే పడుతున్నది.

ఈ విషయంలో ఇటీవల బాగా చర్చకు వచ్చినది అమెరికన్ ఫుట్‌బాల్. పేరు ఫుట్‌బాలే గాని అది మన మైదానాలలో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేతపట్టి పరుగెత్తుతూ, అడ్డువచ్చినవారిని ఒంటితో ఢీకొనే ఆట అది. ఆట ఆరంభంలోనూ, పాయింట్లు వచ్చిన తరువాతా ఒక జట్టు బంతిని దూరంగా తన్నుతుంది. అవతలి జట్టువాడు దానిని పట్టుకొని ఎదురు పరుగెత్తుతాడు. దీనినే కిక్‌ఆఫ్ అంటారు. పూర్వం తన్నిన జట్టువారు బంతి వెంట పూర్తి వేగంతో ఉరికి, ఎదురువచ్చేవారిని గుద్దుకొనేవారు. ప్రేక్షకులు లేచి నిలబడేది అప్పుడే, తలలు అదిరేదీ అప్పుడే. ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాల పోటీలలో 2015లో కిక్‌ఆఫ్‌ల వాటా మొత్తం ఆటలో 6 శాతమే. మెదడు అదురు గాయాలలో వాటి వాటా 21 శాతం. 2016లో బంతిని తన్నే గీతను ఐదు గజాలు ముందుకు జరిపి, మరో చిన్న మార్పు కూడా చేశారు. బంతి మైదానం చివర దాటిపోవడం పెరిగి ఎదురుపరుగులు తగ్గాయి. ప్రతి 1,000 కిక్‌ఆఫ్‌లకు దాదాపు 11గా ఉన్న ఆ గాయాలు రెండుకు దిగాయి.

వృత్తి ఆటగాళ్ళ పోటీలు నడిపే ఎన్.ఎఫ్.ఎల్. కూడా ఏళ్ళ తరబడి గీతలు జరుపుతూ వచ్చింది. చివరకు 2023 నాటికి కిక్‌ఆఫ్‌లలో అధికభాగం ఎదురుపరుగు లేకుండానే ముగిసేవి. ప్రమాదం తగ్గింది గాని ఆట చప్పబడింది. 2024లో ఆటగాళ్ళు నిలిచే తీరునే మార్చారు. తన్నేవాడు తన చోటనే ఉంటాడు. అతని సహచరులు పదిమందీ ముందుగానే వెళ్ళి ప్రత్యర్థుల వరుసకు ఐదు గజాల దూరంలో నిలబడతారు. బంతి నేలను గాని, పట్టేవాడిని గాని తాకేవరకు ఆ రెండు వరుసలవారూ కదలరాదు. దూరం లేదు కనుక వేగం పుంజుకోదు; ఎదురుపరుగు మాత్రం మిగిలింది. ఆ ఏడు కిక్‌ఆఫ్‌లో మెదడు అదురు గాయాల రేటు అంతకుముందు మూడేళ్ళ సగటు కంటే 43 శాతం తగ్గిందని ఎన్.ఎఫ్.ఎల్. ప్రకటించింది. ఒక్క ఏటి లెక్కకు మరీ మురిసిపోనక్కరలేదు. గమనించవలసినది పద్ధతిని: మెల్లగా పరుగెత్తమని ఆటగాడిని ఎవరూ బతిమాలలేదు.

తెలుగువారికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ హనుమ విహారి. 2023 రంజీ ట్రోఫీ క్వార్టర్ ఫైనల్‌లో, ఇందూరులో, మధ్యప్రదేశ్ బౌలర్ ఆవేశ్ ఖాన్ వేసిన బంతి తగిలి ఆంధ్ర జట్టు సారథి విహారి ఎడమ మణికట్టు ఎముక విరిగింది. ఆయన చివరి బ్యాటరుగా తిరిగి వచ్చి, విరిగిన చేతిని వెనుక దాచుకొనేందుకు ఎడమచేతివాటంగా నిలబడి ఆడారు. రెండో ఇన్నింగ్స్‌లోనూ అలాగే దిగారు. పత్రికలు దానిని వీరగాథగా రాశాయి, రాయదగినదే. కాని ఆనాడు జట్టుకున్న దారులు రెండే: ఒక బ్యాటరు తక్కువగా ఆడటం, లేదా విరిగిన చేతివాడిని పంపడం. 2019 ఆగస్టు నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో ప్రత్యామ్నాయ ఆటగాడిని అనుమతించినా, అది తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిన సందర్భానికే. 2025లో రిషభ్ పంత్ విరిగిన పాదంతో మాంచెస్టరులో బ్యాటింగుకు దిగడాన్ని లోకమంతా చూసింది. ఆ ఆగస్టులోనే బి.సి.సి.ఐ. దేశవాళీ బహుదిన పోటీలలో, ఎముక విరగడం వంటి తీవ్రగాయాలకు కూడా బదులు ఆటగాడిని దించే వీలు కల్పించింది. విహారికి అది రెండేళ్ళు ఆలస్యం.

వార్డు మైదానంలో బోర్డులూ లీగులూ ఉండవు. అక్కడ టాసుకు ముందే రెండు జట్లూ ఒక మాట అనుకోవాలి: తలకు దెబ్బ తగిలినవాడు ఆ రోజు మళ్ళీ ఆడడు, అతని బదులు మరొకడు దిగుతాడు. బదులు దించనివ్వకపోతే ఈ నియమం నిలవదు. పదిమందితో ఆడవలసి వస్తుందంటే ఏ కెప్టెనూ గాయాన్ని ఒప్పుకోడు. ‘ఆడగలవా?’ అని దెబ్బ తిన్న పిల్లవాడిని అడిగితే ‘ఆడగలను’ అనే అంటాడు. మెదడు అదిరినప్పుడు తన స్థితిని తాను సరిగా అంచనా వేసుకోలేడు కూడా. నిర్ణయం ఏ జట్టుకూ చెందని పెద్దవారెవరైనా తీసుకోవాలి. తలనొప్పి ముదిరినా, మళ్ళీ మళ్ళీ వాంతులైనా, అడిగిందే అడుగుతున్నా, మగతగా ఉన్నా, మూర్ఛ వచ్చినా ఇంటి వైద్యంతో సరిపెట్టరాదు. 108కు ఫోను చేసి, వెంటనే ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకుపోవాలి. దెబ్బ ఎన్ని గంటలకు తగిలింది, స్పృహ తప్పిందా అన్నవి చూసినవారు వైద్యునికి చెప్పాలి కనుక, ఆట చూసిన ఒకరు తప్పక వెంట వెళ్ళాలి.