పణమొడ్డు అధికారము ఎవరిది?

(మహాశివరాత్రి సందర్భమున బొర్రాలో చేసిన ప్రసంగ పాఠము)



అనంతగిరి కొండల నడుమ, ఈ బొర్రా గుహలో వెలసిన శివలింగమును దర్శించుటకు మనము వచ్చియున్నాము. గుహ పైకప్పున నున్న రంధ్రమునుండి ఆవు ఒకటి లోనికి జారిపడగా, దానిని వెదకుచు వచ్చిన పశువుల కాపరికి ఈ లింగము కానవచ్చినదని ఇక్కడి గిరిజనులు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. గోస్తనీ నది పేరును కూడ ఆ గోమాతతోనే ముడివేసి చెప్పుదురు. ఆ కథలో మాకు మిక్కిలి ప్రియమైనవాడు ఆ కాపరి. మన పల్లెలలో పశువులు ఒకరివి, కాపు మరొకరిది. కాపరి యన్నవాడు తప్పిపోయినదానిని వెదకవలెను, దొరికినదానిని అప్పగింపవలెను. దానిని అమ్ముటకు గాని, దానము చేయుటకు గాని అతనికి అధికారము లేదు. నేడు మేము చెప్పదలచినది ఈ అధికారమును గురించియే.

విశాఖపట్టణమునుండి వచ్చిన కొందరు విద్యార్థులు ఒక వీడియో గేము ముగింపును గురించి తమలో తమకు వాదము తెగుటలేదని, మన గ్రంథములు ఏమనునో చెప్పుమని మమ్ములను అడిగిరి. శివరాత్రినాడు వీడియో గేము ముచ్చటయా అని పెద్దలు నవ్వవచ్చును. జాగరణమున నిద్ర రాకుండ ఏదో ఒకటి కావలెను గదా! కాని ఆ కథ విన్నపిమ్మట మేము నవ్వలేదు.

ఆ ఆట పేరు ‘ది లాస్ట్ ఆఫ్ అస్’. అమెరికాలోని నాటీ డాగ్ అను సంస్థ దీనిని 2013లో వెలువరించినది. 2023లో ఇది టెలివిజన్ ధారావాహికగా కూడ వచ్చినది. బూజు వంటి రోగమొకటి మనుష్యుల మెదడునకు సోకి, లోకవ్యవస్థయంతయు కూలిపోవును. జోయెల్ అనువాడు ఆ ఉపద్రవపు మొదటి రాత్రియే కన్నకూతురిని పోగొట్టుకొనును. ఇరువది యేండ్ల తరువాత, ఎల్లీ అను పదునాలుగేండ్ల బాలికను ఫైర్‌ఫ్లైస్ అను దళమువారికి అప్పగించు పని అతనిమీద పడును. రోగము సోకినను ఆ బాలికను అది ఏమియు చేయలేదు. ఆమెనుండి మందు తీయవచ్చునని వారి ఆశ. నెలల తరబడి ప్రయాణము చేసి సాల్ట్ లేక్ నగరపు ఆసుపత్రికి చేరునప్పటికి ఆ ఇద్దరును తండ్రీకూతుళ్ళవలె అయిరి. అక్కడ తెలిసినదేమనగా, మందు కావలెనన్న ఆమె మెదడును కోయవలెను, కోసినచో ఆమె బ్రతుకదు. ఆమె నీట మునిగి స్పృహ తప్పియున్నది. ఆమెను ఎవరును అడుగలేదు. జోయెల్ కావలివారిని, వైద్యుని, చివరకు దళనాయకురాలిని చంపి ఆమెను ఎత్తుకొనిపోయెను. మేల్కొన్నపిమ్మట, నీవంటివారు ఇంకను అనేకులు కలరని, వారు మందు ప్రయత్నమునే మానుకొన్నారని ఆమెతో అబద్ధమాడెను. చివరి దృశ్యమున ఆమె అతనిని నిలవేసి, చెప్పినదంతయు నిజమని ప్రమాణము చేయుమని అడుగును. అతడు ప్రమాణము చేయును. ఆమె సరే యనును. ఆట ముగియును.

ఇందు మరొక విశేషము కలదు. వైద్యుని చంపునది తెరమీది బొమ్మయే యైనను, మీట నొక్కునది ఆడువాని వ్రేలు. చంపనిదే కథ ముందుకు సాగదు. పురాణము విన్నవాడు విని లేచిపోవచ్చును. ఇక్కడ ఆడువానిచేతనే చేయించి, తీర్పును అతనికే వదలిపెట్టినారు. పిల్లల మనస్సు కలత చెందుటలో వింత లేదు.

లోకమునకు మందు దక్కకుండ చేసిన జోయెల్ పాపి యని ఒక పక్షము. బిడ్డగా భావించినదానిని కోతకు ఎవడు అప్పగించునని రెండవ పక్షము. మొదటి పక్షమువారికి మన గ్రంథములలో ఆధారము లేకపోలేదు. కులముకొరకు ఒకనిని విడువవలెనను విదురనీతి అందరెరిగినదే. అయితే విదురుడు ఆ మాటను దుర్యోధనుడు పుట్టినపుడు, దుశ్శకునములు చూచి, ఆ బిడ్డ తండ్రితోనే చెప్పెను. విడువుమనెను, స్పృహలేనివానిని కోయుమనలేదు.

ఆట ముగిసియు తేలకపోవుట మనకు క్రొత్తది కాదు. హస్తినాపుర సభలో ఆడినదియు ఆటయే. ధర్మరాజు ధనమును, తమ్ములను, పిమ్మట తన్నుతాను ఒడ్డి ఓడి, అటుపైన ద్రౌపదిని ఒడ్డెను. తన్ను పిలువ వచ్చినవానిని ఆ సాధ్వి తిప్పిపంపుచు, రాజు ముందుగా ఓడినది తన్నుతానా, లేక తననా, కనుగొని రమ్మనెను. తన్నుతాను ఓడినవానికి మరొకరిని ఒడ్డు అధికారమెక్కడిది? భీష్మునంతటివాడు ధర్మము సూక్ష్మమని చెప్పి తీర్పు చెప్పలేకపోయెను. చిన్నవాడైన వికర్ణుడొక్కడు ఆమె పక్షమున లేచి మాటలాడగా కర్ణుడు అతనిని గద్దించి కూర్చుండబెట్టెను. తుదకు అపశకునములకు భయపడి ధృతరాష్ట్రుడు వరములిచ్చెను. ప్రశ్నకు జవాబు రాలేదు, వరములు వచ్చినవి.

మా అభిప్రాయమున ఈ ఆటయందును అదే ప్రశ్న. వైద్యులు లోకముకొరకు ఎల్లీని పణమొడ్డిరి. జోయెల్ ఎల్లీకొరకు లోకమును పణమొడ్డెను. ఇరువురును తమది కానిదానినే ఒడ్డిరి. ఆమెకు స్పృహ వచ్చువరకు ఆగి అడుగుటకు ఎవరికిని ఒక పూట తీరిక లేకపోయినది! వృత్రాసురుని వధకు దధీచి ఎముకలు కావలసినపుడు దేవతలు ఆయన ఆశ్రమమునకు పోయి చేతులు జోడించి అడిగిరి. ఆయన ఒప్పుకొని తానే తనువు చాలించెను. శిబి పావురముకొరకు కోసియిచ్చినది తన మాంసమును, ప్రక్కవానిది కాదు. పదునాలుగేండ్ల పిల్ల అంగీకారము చెల్లునా యని మీరడుగవచ్చును. అది కష్టమైన మాటయే. అయినను అడిగి వలదనుట వేరు, అసలే అడుగకపోవుట వేరు. 2020లో వచ్చిన రెండవ భాగమున, తాను ఆ ఆసుపత్రిలోనే చనిపోవలసినదని, అప్పుడు తన బ్రతుకునకు అర్థముండెడిదని ఎల్లీయే జోయెల్‌తో అనును. దధీచికి దక్కిన అవకాశము ఆమెకు దక్కలేదు.

ఈ బొర్రా నేలమీదనే ఇట్టి ప్రశ్న ఒకటి లేచి తీర్పు పొందినది. ఇక్కడి గిరిజన ప్రాంతమున గనుల త్రవ్వకమునకు ప్రభుత్వము గిరిజనేతరులకు లీజులిచ్చినపుడు, సమత అను సంస్థ న్యాయస్థానమునకు పోయినది. షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు ఇయ్యరాదను నిషేధము ప్రభుత్వమునకును వర్తించునని 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఏలువాని చేతిలో నున్నంతమాత్రమున అది ఏలువానిది కాదని దాని భావము. ముగ్గురు న్యాయమూర్తులలో ఒకరు విభేదించిరి. కాని ఆ సభ మౌనము వహింపలేదు.

ఇక అబద్ధము సంగతి. ప్రాణాపాయమున బొంకిన దోషము లేదనుటకు, శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పిన మాటను అందరును ఉదాహరింతురు. పోతనగారి ఆ పద్యము మన పిల్లలకును నోటికి వచ్చును. చెప్పినవాడు శుక్రుడే గాని, బలి దానిని పాటింపలేదని మాత్రము మరచిపోవుదురు. అయినను, కౌశికుడను తపస్వి దొంగలకు నిజము చెప్పి, దాగియున్నవారి చావునకు కారకుడై నరకమునకు పోయిన కథను కర్ణపర్వమున శ్రీకృష్ణుడే అర్జునునకు చెప్పియున్నాడు. కావున దొంగలతో బొంకినచో జోయెల్‌ను మేము తప్పుపట్టము. అతడు బొంకినది దొంగలతో కాదు. ఎవరి ప్రాణమును గురించిన నిజమో, ఆమెతోనే.

అశ్వత్థామ మరణవార్త నిజమా యని ద్రోణుడు వేరెవరిని అడుగక ధర్మరాజునే అడిగెను. నమ్మినవాడు గనుక అడిగెను. జవాబు చెప్పినంతనే, అంతవరకు నేలకు నాలుగు అంగుళములు పైన నడచిన ధర్మరాజు రథము నేలనంటెనని భారతము చెప్పుచున్నది. కొలది దినములకే ద్రోణుని కుమారుడు నిద్రించుచున్న పాండవ శిబిరముపై పడెను. ఈ ఆట రెండవ భాగమున జోయెల్‌ను వెదకి చంపునది ఆ వైద్యుని కూతురే. భారతము చదివినవారికి ఇది వింతగా తోచదు.

మిగిలినది ఎల్లీ యన్న ఆ ‘సరే’. నమ్మి యన్నదా, నమ్మకయే యన్నదా? నమ్మలేదనియే మా అభిప్రాయము. నమ్మినవారు ప్రమాణము అడుగరు. రెండవ భాగమున ఆమె ఒంటరిగా ఆ ఆసుపత్రికి తిరిగిపోయి నిజమును వెదకును. ద్రౌపదియు ధృతరాష్ట్రుని వరములు రెంటిని గ్రహించెను. ఒకదానితో ధర్మరాజును, రెండవదానితో తక్కిన నలుగురిని దాస్యమునుండి విడిపించుకొనెను. మూడవది కోరుకొమ్మన్నను కోరలేదు. సభలో అడిగిన ప్రశ్నను మాత్రము ఆమె వెనుకకు తీసికొనలేదు.