ఒంటికి పడని తిండి

పదిమంది పంక్తిలో కూర్చున్న వేళ ఒకరు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, "నాకిది పడదండీ" అంటే వడ్డించే యిల్లాలి ముఖం చిన్నబోతుంది. "ఏమీ కాదు, కొంచెం రుచి చూడండి" అని మరొక గరిటె వేయడం మన మర్యాద. తినకపోతే వారికి కష్టం, తింటే మనకు కష్టం. ఈ రెంటి నడుమ నలిగి, తిని, ఆ రాత్రంతా అవస్థ పడినవారు ప్రతి యింటా ఒకరైనా ఉంటారు.

"నచ్చదు" అన్న మాట వేరు, "పడదు" అన్న మాట వేరు. నచ్చదనేది నాలుక చెప్పే మాట. పడదనేది కడుపు చెప్పే మాట. మన పెద్దలు ఈ భేదాన్ని బాగా ఎరుగుదురు. ఆయుర్వేదం దీనినే సాత్మ్యమనీ, అసాత్మ్యమనీ చెప్పినది. ఒకే పదార్థం అందరి ఒంటికీ ఒకే తీరున సరిపడదనీ, అలవాటును బట్టి కూడా ఒంటికి కొన్ని సరిపడుతవనీ ఆ శాస్త్రం గుర్తించినది. ఐనా మన యిళ్ళలో పిల్లలు గాని, కోడళ్ళు గాని "పడదు" అంటే, మనం వినేది మాత్రం "నచ్చదు" అనే. దీనివల్ల ఎంత అన్యాయం జరుగుతుందో చెప్పడానికి నా అనుభవం ఒకటి మనవి చేస్తాను.

మా పెద్దమ్మాయికి ఎనిమిదో ఏడు. ఉదయం పెద్ద గ్లాసు నిండా పాలు తాగితే గాని బడికి పంపేవాళ్ళం కాదు. ఇంకో గంటకల్లా కడుపునొప్పి అని మూలిగేది. ఉబ్బరమన్నది, రెండుసార్లు దొడ్లోకి పరుగెత్తేది. లెక్కల పరీక్షకు భయపడి వేషాలు వేస్తున్నదని నేను నిశ్చయించుకున్నాను. కోప్పడినాను, ఒకనాడు చెయ్యి కూడా చేసుకున్నాను. ఆదివారం నాడు సైతం ఆ నొప్పి వస్తున్నదన్న సంగతి మాకు తట్టలేదు. వేసవిలో మా మేనత్త వచ్చి పదిరోజులున్నది. ఆవిడ బడికి వెళ్ళి చదివినది లేదు. మూడోనాటి ఉదయం పిల్లను చూసి, "దీనికి పాలు పడవురా. మీ నాన్నకూ అంతే. వాడెప్పుడైనా పాలు తాగగా చూసినావా?" అన్నది. ఆలోచిస్తే నిజమే. మా నాన్నగారు పెరుగు లేనిదే విస్తరి ముందునుంచి లేచేవారు కారు. పాలగ్లాసు మాత్రం ఏనాడూ ముట్టలేదు. నలభైయేళ్ళు చూసి కూడా నేను గమనించలేదు. పాలు మాన్పించి పెరుగన్నం పెట్టినాము. వారం తిరగకుండా నొప్పి మాయమైనది. ఎనిమిదేళ్ళ పిల్ల ముందు కూర్చుని, "తప్పు నాదమ్మా" అని చెప్పుకోవలసి వచ్చినది.

తరువాత వైద్యులు ఆ నొప్పికి కారణం వివరించినారు. పాలలో ఒక చక్కెర ఉన్నది. దానిని లాక్టోజ్ అంటారు. ఆవుపాలు నూరు మిల్లీలీటర్లలో సుమారు అయిదు గ్రాములుంటుంది. దీనిని విడగొట్టి రక్తంలోకి పంపడానికి చిన్నప్రేగులో లాక్టేజ్ అనే ఎంజైము పుడుతుంది. చంటిబిడ్డలందరిలోనూ అది పుష్కలం. తల్లిపాలు మానిన తరువాత చాలామందిలో ఏటేటా తగ్గిపోతుంది. అప్పుడు జీర్ణం కాని చక్కెర పెద్దప్రేగులోకి దిగుతుంది. దారిలో నీటిని తనవైపు లాగుకుంటుంది; అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి వాయువులను పుట్టిస్తవి. ఆ నీటివల్ల విరేచనం, ఆ వాయువువల్ల ఉబ్బరం, నొప్పి. ఆ వాయువులలో ఒకటైన హైడ్రోజన్ ఊపిరిలో కూడా వెలువడుతుంది గనుక, ఊపిరిని పరీక్షించి ఈ తత్త్వాన్ని నిర్ధారణ చేయడం సాధ్యమైనది.

ఇందులో ఒక విచిత్రమున్నది. పెద్దవాళ్ళు కూడా పాలు హాయిగా జీర్ణం చేసుకోవడమే మానవజాతి సహజ లక్షణమని పాశ్చాత్య వైద్యులు చాలాకాలం నమ్మినారు. వారి దేశాలలో ఎక్కువమందికి పాలు పడుతవి గదా! 1966లో అమెరికాలోని బాల్టిమోరు వైద్యులు, నల్లజాతివారిలో అధికసంఖ్యాకులకు ఈ ఎంజైము తక్కువని చూపినారు. ఆ పైన ఆసియాలో, ఆఫ్రికాలో వెదకిన కొద్దీ అదే కనిపించినది. ప్రపంచంలోని పెద్దలలో సుమారు మూడింట రెండు వంతుల మందికి పాలచక్కెరను అరిగించుకునే శక్తి తగ్గి ఉంటుందని నేటి అంచనా. మన దేశంలో 1981లో ప్రకటించిన ఒక పరిశోధన, ఉత్తరాదివారిలో నాల్గవ వంతుకు కొంచెం పైగాను, దక్షిణాదివారిలో మూడింట రెండు వంతులుగాను ఈ తత్త్వం ఉన్నదని తేల్చినది. కాబట్టి పాలు పడకపోవడం రోగం కాదు, వింత కాదు. మన ప్రాంతంలో అదే ఎక్కువమంది దేహతత్త్వం.

మరి తరతరాలుగా పాడి గల యిళ్ళలో మనవారెట్లా బ్రతికినారు? వంటింటిలోకి చూస్తే సమాధానం దొరుకుతుంది. దాలిలో పాలు ఎర్రగా కాగేవి. మీగడ కట్టేది. గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేసేవారు. తెల్లవారి కవ్వంతో చిలికి వెన్న తీసేవారు. వెన్న నెయ్యి అయ్యేది, మిగిలిన చల్ల యింటిల్లిపాదికీ, యిరుగుపొరుగుకూ అందేది. పాలు పాలుగానే తాగేవారు చంటిపిల్లలు, రోగులు, ఏ కొందరో మాత్రమే. తోడు వేసినప్పుడు సూక్ష్మజీవులు పాలచక్కెరలో కొంత భాగాన్ని తామే తినివేసి పులుపుగా మారుస్తవి. అంతేకాక, పెరుగులో ఉన్న ఆ జీవులు మన ప్రేగులోకి వెళ్ళి మిగిలిన చక్కెరను విడగొట్టడంలో తోడ్పడుతవి. నేతిలో పాలచక్కెర యించుమించు ఉండదు. మజ్జిగను నీళ్ళతో పలుచగా చేస్తాము గనుక అందులోనూ తక్కువే. లాక్టోజ్ పేరు వినకుండానే మన అమ్మమ్మలు దాని సంగతి చక్కబెట్టినారు.

తరువాత కాలం మారినది. 1970లో ప్రారంభమై 1996 దాకా సాగిన క్షీరవిప్లవం వల్ల దేశంలో పాలకు కరువు తీరినది. అది గొప్ప మేలే. 1998 నాటికి పాల ఉత్పత్తిలో మన దేశం ప్రపంచానికి మొదటిదైనది. పట్నంలో తెల్లవారకముందే పాలపొట్లాలు గుమ్మంలో పడసాగినవి. దానితోపాటు, ఎదిగే పిల్లవాడికి పూటకొక గ్లాసు పాలు పోయకపోతే తల్లిదండ్రుల బాధ్యత తీరదన్న భావం కూడా యింటింటా పాతుకున్నది. ప్రేమను గ్లాసులతో కొలవడం మొదలుపెట్టినాము.

పాలు పడనివారు పాలను పూర్తిగా వెలివేయవలసిన పని కూడా లేదు. ఈ తత్త్వం గలవారిలో చాలామంది ఒక్కసారికి పన్నెండు గ్రాముల పాలచక్కెర దాకా, అంటే సుమారు ఒక గ్లాసు పాల వరకు, ముఖ్యంగా భోజనంతో పాటు తీసుకుంటే, పెద్ద బాధ లేకుండా తట్టుకోగలరు. కాఫీలోని పాలు పడి, ఖాళీకడుపున తాగిన గ్లాసెడు పాలు పడకపోవడంలోని రహస్యమిదే. "కాఫీ తాగుతావు గాని పాలు పడవంటావేం?" అని పిల్లను నిలవేసేవారు ఈ సంగతి గుర్తించాలి. పాలవల్ల వచ్చే సున్నపు పదార్థం తగ్గుతుందన్న భయమూ అక్కరలేదు. పెరుగులో అది ఉండనే ఉన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగులలో మూడువందల అరవై మిల్లీగ్రాములకు పైగా కాల్షియమున్నది. అంతే తూకం గల ఆవుపాలలో దానిలో సుమారు మూడవవంతు మాత్రమే. నువ్వులు, మునగాకు, తోటకూర కూడా ఈ కోవలోనివే.

ఇక్కడ తల్లులకు ఒక హెచ్చరిక. ఈ మాటలు విని చంటిబిడ్డకు తల్లిపాలు మాన్పరాదు. తల్లిపాలలో ఆవుపాలకంటె ఎక్కువ లాక్టోజ్ ఉన్నది. శిశువు ప్రేగు దానికోసమే సిద్ధమై ఉంటుంది. విరేచనాల జబ్బు చేసిన పిల్లలకు కొన్ని వారాలపాటు పాలు పడకపోవచ్చును. ప్రేగు కోలుకున్న తరువాత మళ్ళీ పడుతవి.

పాల విషయంలో చెప్పినది ధాన్యాలకూ కొంతవరకు వర్తిస్తుంది. తెలంగాణలోను, రాయలసీమలోను జొన్నరొట్టె, రాగిసంకటి, అంబలి నిత్యాహారంగా ఉన్న ఊళ్ళలో, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తరువాత మూడుపూటలా వరి అన్నమైనది. ఇప్పుడు మధుమేహానికి జడిసి రాత్రిపూట చపాతీలు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా పాటించినప్పటినుంచి కొర్రలు, అండుకొర్రలు. మార్పు మంచిదే. కాని యాభైయేళ్ళు తెల్లబియ్యానికి అలవాటుపడిన కడుపు మీద ఒక సోమవారం నాడు మూడుపూటలా కొర్రలు మోపితే అది మొర పెట్టుకుంటుంది. అది కొర్రల దోషం కాదు, మన తొందరపాటు. పీచు ఎక్కువగా గల ధాన్యాన్ని బాగా నానబెట్టి, మెత్తగా వండి, మొదట వారానికి రెండుపూటలతో ప్రారంభించి, నెమ్మదిగా పెంచుకుంటే చాలామందికి అలవడుతుంది.

ఐతే గోధుమ నిజంగానే హాని చేసేవారు కొందరున్నారు. హాలెండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డిక్కె ఈ సంగతిని పట్టుకున్నాడు. చిక్కి శల్యమై, పొట్ట ఉబ్బి, విరేచనాలతో బాధపడే కొందరు పిల్లలకు రొట్టె సరిపడడం లేదని ఆయనకు యుద్ధానికి పూర్వమే అనుమానం. 1944–45 శీతకాలపు కరువులో రొట్టె దొరకని రోజులలో అట్టి పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి వచ్చినాక మళ్ళీ జబ్బుపడడం ఆ అనుమానాన్ని బలపరచినవి. 1950లో ఆయన తన సిద్ధాంతవ్యాసంలో దీనిని వెల్లడించినాడు. గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు దీనికి మూలం. ఈ సీలియాక్ వ్యాధి మన ఉత్తరాదిన నూటికి ఒకరికి కనిపిస్తున్నది. దక్షిణాదిన చాలా అరుదు. దీనిని తేల్చే రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే చేయించాలి. ముందుగానే మానివేస్తే పరీక్షలో అది తప్పించుకుపోవచ్చును.

"పడదు" అన్న మాటను వినాలన్నాను గాని, ప్రతిదానికీ తగిలించమనలేదు. ఈ రోజులలో ఒక చుక్క రక్తం తీసుకుని, ఇరవై ముప్ఫై పదార్థాలు మీకు సరిపడవని జాబితా యిచ్చే పరీక్షలు బయలుదేరినవి. వీటిలో చాలావరకు చూసేది, ఆయా పదార్థాలు మనం తిన్నామన్న గుర్తునే. పడని తిండిని తేల్చడానికి అవి పనికిరావని అలర్జీ వైద్యుల సంఘాలు చెబుతున్నవి. ఆ జాబితా పట్టుకుని పప్పు, గుడ్డు, పాలు, గోధుమ ఒక్కసారిగా మానినవారికి మిగిలేది నీరసం. ఇంటిలో చేయదగిన పరీక్ష సులభం. ఏమి తిన్నామో, ఏ వేళ బాధ వచ్చినదో పదిహేను రోజులు ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. అనుమానమున్న ఒక్క పదార్థాన్ని రెండు వారాలు మానండి. తరువాత మళ్ళీ తిని చూడండి. మానితే పోయి, తింటే వచ్చిన బాధే లెక్కకు వస్తుంది.

ఈ పరీక్ష చేయకూడని సందర్భాలు రెండున్నవి. వేరుసెనగ, రొయ్య, గుడ్డు వంటివి తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఆయాసం వస్తే అది అలర్జీ, ప్రాణాపాయం. వెంటనే ఆస్పత్రికి పోవలసినదే గాని "మరొకసారి తిని చూద్దాం" అనరాదు. బరువు తగ్గడం, మలంలో రక్తం, జ్వరం, నిద్రలేపే నొప్పి ఉన్నా వైద్యుడే గతి.

కడుపు తీరు తెలుసుకోవడం ఒక ఎత్తు; దానిని యింటివారు ఒప్పుకోవడం ఇంకొక ఎత్తు. మన సంసారాలలో తండ్రికి పడనిది వంటింటికే రాదు. పిల్లవాడికి పడనిది గారాబమనిపించుకుంటుంది. కొత్తకోడలికి పడనిది పొగరనిపించుకుంటుంది. అందరూ తిన్న తరువాత మిగిలినది తినే యిల్లాలికి పడదన్న మాటే ఉండదు. ఆమె ఏమి తింటున్నదో, తిన్నాక ఎట్లా ఉంటున్నదో అడిగినవారే లేరు. నోటుపుస్తకం వ్రాయమన్నాను గదా. అందులో మొదటి పేజీ ఆమెకు కేటాయించమని నా మనవి. అందరూ ఒకే వేళ కలిసి కూర్చుని తింటే ఈ సగం చిక్కులు వాటంతటవే బయటపడుతవి.

పడని ఒక్కరికోసం ఆరు రకాల వంటలు చేయమనడం లేదు. వండినదానిలోనే పాలు పడనివారికి పెరుగు, చపాతీ పడనివారికి నాలుగు మెతుకులు అన్నం. సర్దుబాటు అంతమాత్రమే. మా యింటిలో ఇప్పుడు ఉదయాన పాలగ్లాసులు రెండే కడగవలసి వస్తున్నది. మా అమ్మాయి మజ్జిగలో ఉప్పు, కరివేపాకు వేసుకుని తాగి బడికి పోతున్నది. లెక్కలలో మార్కులు మాత్రం అంతంతే వస్తున్నవి. దానికి పాలదోషం లేదని తేలినది గనుక, ఆ సంగతి వేరుగా ఆలోచిస్తున్నాము.