ఆకలి చంపుకునుడు ఇగ చాలు
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొదుపులు, శ్రీనిధి వాయిదాలు, బ్యాంకు లింకేజీ గురించి ఇంతకు ముందు మాట్లాడిన అక్కలు వివరంగా చెప్పారు. మాకు ఇచ్చిన అంశం వేరు. ఈ ఏడాది మా సంఘాలు ఒక పోషకాహార కౌన్సెలర్ మేడంతో కలిసి చేసిన పని గురించి చెప్పమన్నారు. రోజూ వండేది మనమే, తిండి గురించి కొత్తగా చెప్పేదేముంది అని మీలో కొందరు అనుకుంటుండొచ్చు. కొంచెం ఓపిక పట్టి వినండి.

మేడం చార్టు తెస్తది, బరువు మిషన్ తెస్తది, ఇది తినండి అది తినొద్దు అని చెప్పి పోతది అనుకున్నాం. ఏమీ తేలేదు. మాతోనే చాప మీద కూసొని, "నిన్న మీరు ఎన్నింటికి తిన్నరు? వేడిగా తిన్నరా? కూసొని తిన్నరా?" అని అడిగింది. ఇంట్లో ఎవరు ఎన్ని రొట్టెలు తిన్నరో, ఏ పిల్లగాడు గుడ్డు సగం ఇడిచిపెట్టిండో అందరం టకటకా చెప్పినం. మా సంగతి వచ్చేసరికి ఎవరికీ నోరు పెగల్లేదు. ఒక అక్క మాత్రం, "గిన్నెలు తోముకుంట అడుగు మాడింది తిన్న, అది లెక్కనా మేడం?" అన్నది. నవ్వినం గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు ఉండలేదు.

మా సంఘాలలో బీడీలు చేసే అక్కలు చాలా మంది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు ఉన్నోళ్లకు ఈ పని సంగతి చెప్పక్కర లేదు. చాట ఒళ్లో పెట్టుకున్నంక లేవబుద్ధి కాదు. లేస్తే వెయ్యి బీడీల లెక్క తప్పుతది. అందుకని పగటి బువ్వ మానుడు, మధ్యమధ్యల చాయ్ తాగుడు. ఒక చెల్లె అన్నది, "ఆకలి గంటసేపు మొత్తుకుంటది మేడం, తర్వాత అదే ఊకుంటది." మేడం ఆ మాట పట్టుకున్నది. ఏండ్ల తరబడి అట్లా ఊకుంచితే ఆకలి ఎప్పుడైతుందో, కడుపు ఎప్పుడు నిండుతుందో ఒంటికే తెలియకుండా పోతదని చెప్పింది. పగలంతా ఎండగట్టుకుని రాత్రి తొమ్మిదింటికి కూర్చుంటే ఎంత తిన్నా నిండినట్టు ఉండకపోయేది కూడా అందుకే అన్నది. ఇది మాలో సగం మందికి తగిలింది.

మేడం నేర్పే పద్ధతి అమెరికాలో మొదలైంది. ఎవెలిన్ ట్రిబోలి, ఎలీస్ రెష్ అనే ఇద్దరు ఆహార నిపుణులు 1995లో దాని మీద పుస్తకం రాశారు. బరువు తగ్గాలని కడుపు మాడ్చుకొని, మళ్లీ ఆగలేక తిని, తిన్నందుకు తమను తామే తిట్టుకునే వాళ్ల కోసం రాసింది. ఆకలైనప్పుడు తిను, నిండినంక ఆపు, తిన్నందుకు సిగ్గుపడకు అన్నది అందులో ముఖ్య విషయం. వినడానికి బాగుంది. కానీ మేము ఊరికే తలూపలేదు. నాటు పడేటప్పుడు బురదలో ఉన్న కూలి మనిషికి ఆకలైనప్పుడు తినే వీలెక్కడిది? ఇంట్లో ఉన్న కూర ఐదుగురికి చాలనప్పుడు ఒంటి మాట వినుమంటే ఎట్లా? ఇదే మేడంను అడిగినం. ఆమె కోపానికి రాలేదు. "మీకు పనికొచ్చింది తీసుకోండి, మిగతాది పక్కన పెట్టండి" అన్నది. మా అభిప్రాయం కూడా అదే. నిండుగా తిండి ఉన్న ఇండ్ల కోసం రాసిన పద్ధతి మనకు మొత్తం సరిపోదు. మన ఇండ్లలో ముందు తేలాల్సింది ఆడమనిషి వాటా.

అంగన్‌వాడీలో ఆరోగ్య లక్ష్మి భోజనం సంగతి చూడండి. మన రాష్ట్రంలో 2015 జనవరి 1న మొదలైంది. గర్భిణులు, బాలింతలు అక్కడికే వచ్చి, కూసొని పప్పన్నం, ఆకుకూర, గుడ్డు తినాలె, పాలు తాగాలె. ఇంటికి తీసుకపోతే అది పంచుకు పోతదని అందరికీ తెలుసు. అక్కడైతే ఆ విస్తరి ఆమెదే. పిల్ల పాలు మరిచినంక ఆ కూర్చునే చోటు మనకు ఎక్కడ? తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ ఉన్నదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత చెప్పింది. గర్భం లేని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలె. మాతో ఉన్న ఒక అక్కకు ఏడు వచ్చింది. ఉపాధి హామీ పనిలో పార పట్టుకునే కండ్లు తిరిగి పడ్డది. ఆమె ఇంట్లో బియ్యానికి కరువు లేదు, బర్రె కూడా ఉన్నది. అందరూ తిన్నంక ఆమె గిన్నెలోకి వచ్చేది ఉత్త అన్నం, తొక్కు, ఆపైన చాయ్. బువ్వ మీదనే చాయ్ తాగితే తిన్న ఇనుము ఒంటికి పట్టదని, ఆకుకూరలో నిమ్మకాయ పిండుకుంటే పడతదని మేడం చెప్పింది. ఈ ఒక్క మాట కోసమైనా ఆ కూర్చునుడు దండగ కాలేదు.

ఇంకో సంగతి, సిగ్గు. మా అత్తల కాలంలో జొన్న గట్క, మక్క గట్క, అంబలి, జొన్న రొట్టె ఇవే తిండి. శ్రీరాంసాగర్‌కు 1963లో పునాది రాయి పడ్డది. తర్వాత కాకతీయ కాలువ నీళ్లొచ్చి మన దిక్కు వరి పెరిగింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినయి. తెల్లన్నం తినుడు మర్యాద అయింది, గట్క పేదోళ్ల తిండి అయింది. ఆదిలాబాద్ దిక్కు జొన్న రొట్టె ఇంకా నిలబడ్డది గానీ, హాస్టల్‌కు పోయిన పిల్లలు అది తినమంటే మొఖం తిప్పుకుంటున్నరని అక్కడి అక్కలు చెప్పారు. అదే ఉట్నూరు దిక్కు ఆదివాసీ అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. తిన్నందుకు ఒకప్పుడు వెక్కిరించిన పువ్వే గదా అది! అట్లాగని బియ్యాన్ని తిట్టే పని మాకు లేదు. బువ్వ మన పానం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు అని ఉన్నది. మన కంచంలో ఈ లెక్క తిరగబడి ఉన్నదని మేము ఇంట్లో తూచి చూసుకున్నాం.

షుగర్ ఉన్న పెద్దమ్మ ఒకామె సంగతి చెప్పి తీరాలె. బువ్వ ముట్టొద్దని కొడుకులు కట్టడి చేశారు. పగలు రెండు రొట్టెలు తినేది, రాత్రి అందరూ పండుకున్నంక దొంగతనంగా చల్లన్నం తినేది. తన ఇంట్లో, తను వండిన అన్నమే! మేడం ఆమెను కోప్పడలేదు. కొడుకును, కోడలిని పక్కన కూర్చోబెట్టి, గోళీలు ఆపొద్దు, టైముకు తినాలె, పప్పు, కూర ఎక్కువ వేసి పగలు ఒక గిన్నె బువ్వ అందరి ముందట తిననియ్యండి అన్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును అడిగినంకనే మొదలు పెట్టారు. రాత్రి తినుడు ఆగింది. అయితే షుగర్ ఉన్నోళ్లు మనసైనంత తినొచ్చు అని దీన్ని అర్థం చేసుకోవద్దు.

ఇంటర్ చదివే ఒక బిడ్డ పొద్దున తినుడు బంద్ చేసింది. ఎందుకంటే పెండ్లిలో చుట్టాలు "లావైతున్నవ్, ఎవడు చేసుకుంటడే" అన్నారట. బస్టాండ్‌లో పడిపోయింది. ఆ అన్నోళ్లలో మన సంఘం సభ్యులూ ఉన్నారు. ఆ బిడ్డ ఇప్పటికి కూడా పూర్తిగా కుదురుకోలేదు, మేడం దగ్గరికి ఇంకా పోతున్నది.

మా అత్తలందరూ ఒప్పుకున్నారని చెప్పం. "మొగోని కంటే ముందు తింటరా" అని ఒక ఇంట్లో పెద్ద లొల్లే అయింది. ముందు తినమని ఎవరూ అనలేదు, అందరితో పాటు కూసోమన్నాం. నాలుగు ఇండ్లలో కూసుంటున్నారు. మిగతా ఇండ్లలో కనీసం కూర ముందే తీసి పక్కన పెట్టుకుంటున్నారు. ఆ కూర గిన్నెకు మూత పెట్టి "ఇది అమ్మది" అని పిల్లలే కాపలా కాస్తున్న ఇల్లు కూడా ఒకటున్నది.

మా గ్రామ సంఘం తీర్మానం పుస్తకంలో మూడు విషయాలు రాసుకున్నాం. ఏడాదికి రెండుసార్లు సభ్యులందరూ రక్తం పరీక్ష చేయించుకోవాలె. సంఘం సమావేశంలో ఎవరి ఒంటి మీద ఎవరూ మాట అనొద్దు. మూడోది, సమావేశం ఇంతకు ముందు పదకొండింటికి పెట్టేవాళ్లం, ఒంటి గంట దాటేది, సగం మంది పరగడుపునే ఉండేవాళ్లు. వచ్చే నెల నుంచి ఎవరి సద్ది వాళ్లు తెచ్చుకోవాలె. ముందు అందరం గుండ్రంగా కూసొని తింటాం, చేతులు కడుక్కున్నంకనే పొదుపు పుస్తకాలు తెరుస్తాం. పక్క ఊర్ల సంఘాలు వచ్చి చూస్తామంటే రెండో గురువారం రండి. రొట్టెలు మేము చేస్తాం, తొక్కు మీరు తెండి.