మా అమ్మ రైతు

(తల్లి మొదటి వర్ధంతి నాడు పత్తికొండ ప్రాంతంలోని తన సొంతూరిలో సంఘ కార్యకర్త ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



వర్ధంతి సభ అంటే ఫోటోకు దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి భోజనాలకు లేవడం మనకు అలవాటు. అట్లాంటి సభల్లో నేనూ చాలాసార్లు మాట్లాడినాను. మా అమ్మ గురించి మాట్లాడాలంటే మాత్రం ముందు నా తప్పులు చెప్పుకోవాలి. లేకపోతే ఆ ఫోటో వైపు చూడలేను.

పోయినేడు అమ్మ పోయిన వారానికి మరణ నమోదు కాగితం నింపడానికి పోయినాను. అందులో వృత్తి అని ఒక గడి ఉంటుంది. ఏం రాయమంటావన్నా అని అడిగినారు. నేను ఆలోచించకుండా 'ఇంట్లోనే ఉండేది' అన్నాను. 'గృహిణి' అని రాసినారు. రాసినవాళ్ళ తప్పేమీ లేదు, చెప్పింది నేను. ఇంటికొచ్చి కాగితం మా ఆవిడ చేతికిస్తే చదివి, 'అత్త ఇంట్లో ఎప్పుడుండె?' అనింది. అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిజమే, అమ్మ ఇంట్లో ఎప్పుడుంది? ఆమె పుట్టింది జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో. కాపురానికొచ్చింది ఈ ఎర్రనేలకు. నల్లరేగడి తేమను పట్టుకుంటుంది, మన నేల పట్టుకోదు. రెండు వానల మధ్య పది దినాలు ఎడమొస్తే పైరు వాడిపోతుంది. వచ్చిన కొత్తలో ఇక్కడి సేద్యం చూసి ఏడ్చినానని చెప్పేది. అయినా మా జేజి దగ్గర అన్నీ నేర్చుకుంది. గొర్రు పట్టేది మా నాయన, వెనకాల నడుస్తూ జడ్డిగంలో గింజ వదిలేది అమ్మ. కొర్ర గింజ ఎంత చిన్నదో మీకు తెలుసు. ఎకరాకు రెండు కిలోలు చాలు. ఇసుక కలిపి పిడికిలి సందులోంచి వదలాలి. ఎక్కువ పడితే పైరు ఒత్తైపోతుంది, తక్కువ పడితే చేను బోడిగా కనిపిస్తుంది. మొలక సాలు వంకర పోతే ఊరంతా మా నాయనను అనేవాళ్ళు. సాలు నిండుగా మొలిస్తే కూడా మా నాయననే మెచ్చుకునేవాళ్ళు. ఇదీ మన లెక్క.

మా ఇంట్లో నాలుగెకరాలు అమ్మ పేరు మీద ఉంది. మేమేదో ఆడవాళ్ళను గౌరవించే కుటుంబమని అనుకోవద్దు. 1986లో అమ్మ మెడలోని గొలుసు, చేతి కడియాలు అమ్మి ఆ నేల కొన్నారు. అప్పటికి మా నాయన పేరున సొసైటీలో బాకీ ఉండింది. తన పేరున రాయిస్తే జప్తుకొస్తారని భయపడి అమ్మ పేరున రాయించినాడు. భయం వల్లనైనా పట్టా అయింది కదా అని అమ్మ నవ్వేది.

ఇప్పుడు రెండో తప్పు. పెద్దకర్మ అయిన పదిహేను దినాలకు ఆ నాలుగెకరాలను ఫౌతి కింద మార్పించుకోవాలని నేనూ తమ్ముడూ అనుకున్నాం. చెల్లెలిని డోన్ దగ్గరకిచ్చినాం. ఆమెకు ఫోన్ చేసి, 'ఒక సంతకం పెట్టిపోమ్మా' అన్నాను. అంటే హక్కు విడుదల దస్తావేజు. పసుపు కుంకుమలు పెట్టి పంపినాం, ఇంకేముందిలే అనుకున్నాను. ఆడపిల్లకు సమాన హక్కు గురించి సంఘ సభల్లో మాట్లాడిన నోరే ఇది. మన రాష్ట్రంలో అప్పటికి పెళ్ళి కాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా 1985 నుంచే ఉందని, 2005లో దేశమంతటా ఆ చట్టం తెచ్చారని ఎన్ని ఊళ్ళలో చెప్పినానో! ఇక తల్లి పేరున ఉన్న ఆస్తికి ఆ చట్టాలతో కూడా పని లేదు. వీలునామా రాయకుండా తల్లి చనిపోతే కొడుకులకూ కూతుళ్ళకూ సమానంగా రావాలని 1956 చట్టంలోనే ఉంది. అదీ నాకు తెలుసు. తెలిసే ఫోన్ చేసినాను.

చెల్లెలు ఏమీ అనలేదు. వస్తానన్నా అనింది. వచ్చింది.

ఆమె వచ్చిన పొద్దే అటక మీద అమ్మ పెట్టుకున్న కుండలు దింపినాం. ఆరు కుండలు, నాలుగు గుడ్డ మూటలు. దేని మీదా పేరు లేదు. అమ్మకు చదువు రాదు, చేత్తో తాకితే తెలిసేది. నేను పత్తికి దిగినప్పటి నుంచి ఏడాదికేడాది విత్తన ప్యాకెట్లు కొంటున్నవాణ్ణి. ఒకేడు టమాటా పెట్టి, ధర లేక పత్తికొండ మార్కెట్ దగ్గర పారబోసి వచ్చినవాణ్ణి. అమ్మ మాత్రం బావి దగ్గర అరెకరం తనకు వదలమని అడిగి కొర్ర, పచ్చజొన్న, కంది, అలసంద ఏటేటా వేసుకునేది. ముసలామె ముచ్చట అనుకున్నాను. ఆ కుండల ముందు కూర్చుంటే ఏది ఏదో నాకు తెలియలేదు. తమ్ముడికీ తెలియలేదు.

చెల్లెలు ఒక్కొక్కటి విప్పి చెప్పింది. బూడిద కలిపింది కొర్ర, రెండు రకాలు, ఒకటి ముందు కోతకొస్తుంది. ఎర్రమన్ను పూసి ఎండబెట్టింది కంది. ఆముదం పట్టించింది అలసంద. 'ఈ మూట నిరుటిది, దీన్ని ముందు వాడాలి' అనింది. నీకెట్లా తెలుసు అంటే, 'పెళ్ళికి ముందు ప్రతి ఏడూ అమ్మతో కూర్చుని చేసింది నేనే కదన్నా' అనింది. మా ఇంటి సేద్యం ఎవరికొచ్చో, ఎవరి చేత సంతకం పెట్టించుకొని బయటకు పంపుతున్నామో అప్పుడు అర్థమయింది.

కరువు గురించి ఒక మాట చెప్పాలి. 1952 రాయలసీమ కరువు నాటికి అమ్మకు ఐదేళ్ళు. గంజి కేంద్రం దగ్గర సత్తు గిన్నె పట్టుకొని మా అవ్వ కొంగు వెనకాల నిలబడింది గుర్తుందని చెప్పేది. ఇంట్లో జొన్న పాతర అడుగు కనిపించినా అవ్వ విత్తనాల కుండ మాత్రం తెరవలేదట. పిల్లలు ఏడ్చినా తెరవలేదట. అవ్వది రాతి గుండె అనుకున్నాను చిన్నప్పుడు. అమ్మ కూడా అట్లాగే ఉండేది. మేం కొర్రబువ్వ అడిగితే పెట్టేది కానీ ఆ అటక మీద చెయ్యి వేయనిచ్చేది కాదు.

అమ్మకు చివరి వరకూ రైతు అన్న పేరు రాలేదు. ఇది మా ఇంటి కథే కాదు. అప్పులతో రైతు ఆత్మహత్య చేసుకుంటే పరిహారం ఇవ్వడానికి 2004లో 421 జీవో వచ్చింది. విచారణకొచ్చే కమిటీ మొదట అడిగేది పాసుపుస్తకం. చేను చేసిన ఆడమనిషి చనిపోతే ఆమె పేరున పాసుపుస్తకం ఎక్కడుంటుంది? మొగుడి పేరునో మామ పేరునో ఉంటుంది. కాబట్టి ఆమె రైతు కాదు, ఆ చావు రైతు చావు కాదు. భూమి ఎవరి పేరున ఉన్నా సేద్యం చేసే ఆడమనిషిని రైతుగా గుర్తించాలని, గ్రామసభ ఆమోదంతో ఆమెకు ధ్రువపత్రం ఇవ్వాలని స్వామినాథన్ గారు రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టినారు. 2013లో ఆయన పదవీకాలంతో పాటే అది మురిగిపోయింది. ఈ 2026ను ఐక్యరాజ్య సమితి మహిళా రైతు సంవత్సరమని ప్రకటించింది. ప్రకటనలకేం, పోయిన మూడేళ్ళ కిందట చిరుధాన్యాల సంవత్సరం కూడా వచ్చిపోయింది. మన సంఘం సభ్యత్వ పుస్తకమే తిరగేసి చూడండి, ఆడవాళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయో. మా అమ్మ ఈ సంఘం మీటింగులకు ఎన్ని దినాలు సంగటి కెలికి పెట్టిందో లెక్క లేదు. ఆమెకు సభ్యత్వ రసీదు రాయాలని నాకెప్పుడూ తోచలేదు.

ఆ దస్తావేజు రాయించలేదు. నాలుగెకరాలు ముగ్గురి పేర్లా మార్పించుకున్నాం. దానికి తమ్ముడు రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు, ఇప్పుడు పరవాలేదు. సభ్యత్వ రసీదులు మా ఆవిడకూ చెల్లెలికీ మొన్న రాయించినాను. మరణ కాగితంలో ఆ గడి దిద్దించాలని తిరుగుతున్నాను, ఇంకా కాలేదు. అమ్మ సమాధి మీకు తెలుసు, బావి పక్కన, ఆమె అరెకరానికి ఎదురుగానే. మొదట గ్రానైటు పలక వేయిద్దామనుకున్నాం. చెల్లెలు వద్దనింది.

పోయిన ముంగారిలో ఆ అరెకరంలో అమ్మ కొర్రలే వేసినాం. వేసేముందు చెల్లెలు వంద గింజలు లెక్కబెట్టి తడిగుడ్డలో చుట్టి పెట్టింది, ఎనభై మొలిచినాయి. గొర్రు నేను పట్టినాను, జడ్డిగంలో గింజ ఆమె వదిలింది. మధ్యలో ఒకచోట నేను ఆగిపోయినాను. అమ్మ వెనకాలే ఉందనిపించి తిరిగి చూసినాను. 'నడువన్నా, సాలు వంకర పోతుంది' అనింది.

పంటలో తిండికి కొంత పోగా, మిగిలింది విత్తనానికి బూడిద కలిపి పెట్టినాం. కావలసినవాళ్ళు భోజనాలయినాక రెండేసి కిలోలు తీసుకుపోండి. డబ్బులొద్దు, పండినాక ఇంకొకరికి అంతే ఇవ్వండి. రెండు రకాలున్నాయి, మీ నేలకు ఏది సరిపోతుందో మా చెల్లెల్ని అడగండి. నన్ను అడగొద్దు, నేనింకా నేర్చుకుంటున్నాను.