అలాస్కా ఓడలో ఏ వైపు గది?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన మన పెద్దవాళ్ళు కొందరు అలాస్కా ఓడ ప్రయాణం కూడా చేసి వస్తుంటారు. గది తీసుకునేటప్పుడు ముందుగా వచ్చే ప్రశ్న: కుడివైపా, ఎడమవైపా?

కెనడాలోని వాంకూవర్‌లో ఎక్కి, ఉత్తరాన సీవార్డ్‌లోనో విట్టియర్‌లోనో దిగేవాళ్ళకు కుడివైపు మేలు. అలాస్కా సింధుశాఖ దాటేటప్పుడు తీరం, మంచుకొండలు అటే ఉంటాయి. ఎడమన పసిఫిక్ నీళ్ళే. దక్షిణానికి వచ్చే ఓడలో లెక్క తిరగబడుతుంది. ఎక్కిన రేవుకే తిరిగొచ్చే ప్రయాణమైతే ఈ చర్చ పెద్దగా అక్కర్లేదు.

ఇన్‌సైడ్ పాసేజ్ అనే జలమార్గంలో దీవుల మధ్య వెళుతుంటే రెండు పక్కలా కొండలూ అడవులే. గ్లేసియర్ బే జాతీయ పార్కులో మార్జరీ హిమానీనదం ఎదుట ఓడను నెమ్మదిగా తిప్పుతారు కాబట్టి అది అందరికీ కనిపిస్తుంది. అయినా ఆ గంటసేపు గదిలో కూర్చునేదెవరు! పార్కు రేంజర్లు ఓడెక్కి మైకులో వివరాలు చెబుతుంటే జనమంతా పై డెక్ మీదే.

నన్నడిగితే, వైపు కన్నా ముందు డెక్ పటం చూడమంటాను. చవగ్గా దొరికిన గది కిటికీకి అడ్డంగా లైఫ్‌బోటు వేలాడుతుండవచ్చు. కడుపులో తిప్పే మనిషైతే ఓడ నడుమన, కింది అంతస్తులో తీసుకోవాలి. ఊపు అక్కడ తక్కువ. పైకి వెళ్ళేకొద్దీ చూపు దూరం ఆనుతుంది, ఊగడమూ పెరుగుతుంది.

అన్నట్టు, వాంకూవర్‌లో ఎక్కాలంటే మన పాస్‌పోర్టు వాళ్ళకు సాధారణంగా కెనడా వీసా కూడా కావాలి. గది సంగతి ఆ తర్వాతే.