రామప్ప గుడి చూసినోళ్లు చెరువు కట్ట కూడ ఎక్కాలె
(సికింద్రాబాద్‌లో జరిగిన బస్తీ సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే ఆదివారం మన పిల్లలను తీసుకొని ములుగు జిల్లా పాలంపేట పోతున్నం. నేను పోయిన నెల చూసివచ్చిన. మన సికింద్రాబాద్ చప్పుళ్ల నుంచి పోయినోళ్లకు అక్కడ పిట్టల సప్పుడు తప్ప ఏం వినరాదు.

రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిండు. కాకతీయ గణపతిదేవుని సేనాని ఆయన. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇసుక నింపిన పునాది, నీళ్లమీద తేలే ఇటుకలతో శిఖరం, నల్లరాతిల చెక్కిన ఆడబొమ్మలు. ఆ పనితనాన్ని నేను తక్కువ చెయ్య. రామప్ప అంటే శిల్పి పేరని జనం చెప్పుకుంటరు. రాజు పేరు పోయి పనోని పేరు నిలిచిందంటే చిన్న ముచ్చట కాదు.

అయితే అందరూ గుడి చూసి బస్సెక్కుతరు. అవతల రామప్ప చెరువున్నది, అదీ కాకతీయుల కాలందే. ఇయ్యాల్టికీ దానికింద పొలాలు పారుతున్నయి. ఇసొంటి చెరువులు కట్టించినోళ్ల పేర్లు బడి పుస్తకాలల్ల ఉన్నయి. కాపాడినోళ్లయి? తెలంగాణల శాన ఊర్లల్ల నీరటి పని మాల మాదిగలదే.

మా నాయిన నీరటికాడు. తూము ఎప్పుడు తెరవాలె, ఎవరి మడికి ఎంతసేపు పారాలె, అంతా ఆయన చేతిలోనే. వానరాత్రి కట్ట తెగుతదేమోనని గొంగడి కప్పుకొని కట్టమీదనే ఉండేటోడు. కల్లంల మేర కింద ఇన్ని వడ్లు పెట్టేటోళ్లు. ఊరందరికి నీళ్లు పంచినోణ్ణి ఊరిబాయిల బొక్కెన ఎయ్యనిచ్చేటోళ్లు కాదు. దూపైతే దోసిలి పట్టాలె, పైనుంచి పోస్తరు.

డిగ్రీ చదివేటప్పుడు కోపంతోని అడిగిన: "నాయినా, ఒక్క యేడు తూము బంద్ పెడితే ఏమైతుండె?"

"పొలం వాళ్లదే గని నాటేసేది, కోసేది మనోళ్లురా. ఎండితే ముందుగాల మనకే కూలి ఉండది" అన్నడు.

నీళ్ల ముచ్చట వచ్చింది గనుక ఇంకోటి. 1934ల బాబాసాహెబ్ తోటోళ్లతోని దౌలతాబాద్ కోట చూడబోయిండు. అప్పుడది నిజాం రాజ్యంలనే ఉండె. దుమ్ము కొట్టుకొనిపోయి వాకిట్ల ఉన్న నీళ్లతోని మొకం, కాళ్లు కడుక్కున్నరు. నీళ్లు మైలపడ్డయని లొల్లి చేసిండ్రు. లోపల ఎక్కడా నీళ్లు ముట్టకుండ ఒక సిపాయిని ఎంట పంపిండ్రు. అంతటాయన చారిత్రక కట్టడం చూసుడు అట్లయింది.

ఆదివారం పొద్దుగాల ఐదు గొట్టంగ బస్సు. పిల్లల చేతికి నోటుబుక్కు, పెన్సిలు ఇయ్యండి. గుడికాడ ఒక గంట, కట్టమీద రెండు గంటలు. ఆ చుట్టుపక్కల నీరటి పని చేసిన ముసలోళ్లుంటే దగ్గర కూసోని అడిగి, వాళ్ల తాతల పేర్లతో సహా రాసుకొని రావాలె. సద్దులు కట్టుకొని రాండ్రి, తూముకాడ తిందాం.